నడిమి గోడ

కందుకూరు జూనియర్ కాలేజీలో ల్యాబంటే ఒకటే గది.
ఇటు కాలేషా సారు కప్పల సీసాలు,
అటు ఎస్తేరు మేడం ఎండుటాకుల అట్టలు.
నడుమ నేను, చెంచమ్మని, అటెండర్ని.
ఏడో తరగతితో ఆగి
పదకొండేళ్ళుగా ఇంటర్ పిల్లల గాజు స్లైడ్లు కడిగేదాన్ని.

రెండు ల్యాబులూ వేరు చెయ్యమని పైనించి కాగితం వచ్చింది.
మాలకొండయ్య మేస్త్రీ వచ్చి తాడు పట్టి చూసినాడు.
తూర్పు గోడకి ఇనప బీరువాలు, కదిలిస్తే కాళ్ళూడతాయి.
పడమటి గోడకి సింకు.
"ఏందబ్బా ఇది, యాణ్ణించి మొదలుపెట్టేది?"
తల గోక్కోని, గోక్కోని
గది నట్టనడుమ పెట్టినాడు మొదటి ఇటుక.

ఎస్తేరు మేడం నవ్వింది చూడూ,
చేతిలో స్పిరిట్ దీపం ఆరిపోయేంతగా!
"రా చెంచమ్మా, ఈ మేస్త్రీకి గురువుని చూద్దువు గాని."
పొద్దున నేను కోసిచ్చిన ఉల్లివేరు కొస
ఎర్రరంగులో కాచి, బొటనవేలితో నొక్కి
కటకం కింద పెట్టింది.

గదులు. గదుల పక్కన గదులు.
రంగు పడ్డాక ఏదీ కదలదు,
ఎవరు ఏ పని మీదుంటే ఆ పని మీదే నిలిచిపోయినారు.
ఒకచోట పోగులు అటు కొన్ని, ఇటు కొన్ని
లాగినవి లాగినట్టే.
"పంచే ముందే ప్రతిదానికీ నకలు తీస్తారు,
అందుకే తగువుండదు" అంది మేడం.
(మా బావలు రెండెకరాలు పంచుకున్న రోజు
ఈమె యాడుందో.)
ఇంకో గదిలో పంపకం అయిపోయింది,
నడిమధ్యన వెంట్రుకంత గీత.
దాని పక్క గదిలో అదే గీత ఇంకాస్త పొడుగు.
ఆ పక్కదాన్లో పాత గోడల్ని తాకేసింది.
చిట్టి చిట్టి బుడగలు మోసుకొచ్చిన సరుకుతో
నడుమ పుట్టి అంచులకి పాకే గోడంట.

కాలేషా సారు ఊరుకుంటాడా?
క్యారియరు విప్పి, ఉడికిన గుడ్డు తీసి
నడుముకి దారం చుట్టి బిగించినాడు.
సన్నమై
సన్నమై
పుటుక్కున రెండు.
"ఇది మా జంతువు పద్ధతి. ఇటుకా లేదు, మేస్త్రీ కూలీ లేదు.
బయటనించి లోపలికి, మొలతాడు బిగిసినట్టు."
"మీ దానికి గోడ లేదు గనక నడుం నొక్కుకుంటాది సార్.
మా దాని ఒంటి చుట్టూ గట్టి పెట్టె, అదెట్ట వంగుద్ది?"
"మాకు కొసకో జంట గుంజలుంటాయి మేడం, పోగులు ఆనుకోడానికి."
"మాకు గుంజల్లేకుండానే పడుగు నిలుస్తాది."
వాదం తెగలేదు, గుడ్డు తెగింది.
చెరో బద్దా తిన్నారు.
ఉప్పు పొట్లం నా చేతిలో మిగిలింది.

నాలుగో రోజుకి గోడ అంచులకి చేరింది.
బీరువా సందులో ఇటుక పెళ్ళలు దూర్చి మెత్తినాడు.
నీళ్ళ గొట్టానికని గుప్పెడంత బొక్క వదిలినాడు.
గొట్టం ఇంతవరకూ రాలేదు.
మేడం అందులోంచి అటు తొంగి చూసి,
"మొక్క కూడా ఇట్టాగే వదులుద్ది లేవే.
గోడ గోడే, రాకపోకలు రాకపోకలే" అంది.

నిన్న వేళ్ళు కోస్తా ఉంటే బ్లేడు జారి
నా చూపుడువేలు తెగింది.
గుడ్డపేలిక చుట్టుకోని సీసాల మీద ఉల్లిగడ్డలు సర్దినా.
ఇయ్యాళ విప్పి చూస్తే అంచులు దగ్గరికొస్తన్నాయి.
యాడో లోపల
కనపడని దారాలు బిగిసి, తెగి, మళ్ళీ బిగిసి
నన్ను నేను ఎక్కువ చేసుకుంటన్నా.
పక్కనే సీసాలో, అదే నీళ్ళెండలో,
ఉల్లిగడ్డ చప్పుడు చెయ్యకుండా
ఇటుక మీద ఇటుక.

రెండో గంట కొట్టినారు.
బొక్కలోంచి కాలేషా సారు చెయ్యి వచ్చింది, మోచేతి దాకా.
"చెంచమ్మా, రంగు సీసా ఒకసారియ్యమ్మా."
ఇచ్చినా.
దాంతోబాటు ఆ ఉప్పు పొట్లం కూడా.